ముంబయి లోకల్ దారిలో ఇల్లు: ముందు ఎక్కగలిగే రైలు, తర్వాతే అద్దె

ముంబయిలో కొత్తగా ఉద్యోగం వచ్చినవాళ్లు ఇల్లు వెతికే తీరు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఆఫీసు చుట్టుపక్కల అద్దెలు విని కంగారుపడతారు. రైల్వే మ్యాపు ముందేసుకుని ఒక్కో స్టేషనూ దాటుకుంటూ ఊరి బయటికి జరుగుతారు. అద్దె జీతానికి సరితూగిన చోట ఆగి డిపాజిట్ కట్టేస్తారు. పొద్దున ఎనిమిదిన్నరకి ఆ ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాకే అసలు సంగతి తెలుస్తుంది. నాలుగైదు నిమిషాలకో రైలు వస్తుంది, ఆగుతుంది, కానీ తలుపు దగ్గర కాలు మోపే చోటు కూడా ఉండదు.

అందుకే ఇక్కడ అద్దె ఎంత అన్నది రెండో ప్రశ్న. కావలసిన వేళకి ఆ స్టేషన్‌లో ఎక్కగలిగే రైలు ఉందా అన్నది మొదటిది. ఈ వరస తిరగబడితే మిగిలిన డబ్బు ఒంటి నొప్పుల కిందా, ఆలస్యపు హాజరు కిందా, ఆరు నెలలకే ఇల్లు మారే ఖర్చు కిందా పోతుంది.

ముంబయి లోకల్ అంటే ఒకే దారి కాదు. వెస్టర్న్ లైను చర్చ్‌గేట్ నుంచి దాదర్, అంధేరీ, బోరివలీ మీదుగా విరార్ దాకా సుమారు 60 కిలోమీటర్లు. 2013 నుంచి కొన్ని బండ్లు దహాను రోడ్ వరకూ వెళ్తున్నాయి. సెంట్రల్ లైను ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ (సీఎస్‌ఎంటీ)లో మొదలై కుర్లా, థానే, డోంబివలీ దాటి సుమారు 54 కిలోమీటర్ల దూరంలో కల్యాణ్ చేరుతుంది. అక్కడ రెండుగా చీలి ఒక పాయ అంబర్‌నాథ్, బద్లాపూర్, కర్జత్ వైపు, ఇంకొకటి టిట్వాలా, ఆసన్‌గావ్, కసారా వైపు పోతుంది. హార్బర్ లైను సీఎస్‌ఎంటీ నుంచి వాశీ, బేలాపూర్ మీదుగా పన్వేల్‌కి వెళ్తుంది. థానే నుంచి ఐరోలీ, ఘన్సోలీ మీదుగా వాశీ, పన్వేల్ వైపు తిరిగే ట్రాన్స్‌హార్బర్ లైను నాలుగోది.

ఆఫీసు ఏ లైను మీద ఉందో ఇల్లు ఆ లైను మీదే వెతకడం మంచిది. టైంటేబుల్‌లో రెండు నిమిషాల్లా కనిపించే రైలు మార్పు రద్దీ వేళ పావుగంట తింటుంది. సెంట్రల్ నుంచి వెస్టర్న్‌కి మారే దాదర్ వంతెనల మీద సాయంత్రం జనం అడుగులో అడుగు వేస్తూ కదులుతారు. 2017 సెప్టెంబరు 29న ఆ పక్క ప్రభాదేవి స్టేషన్ వంతెన మీద, అప్పట్లో ఎల్ఫిన్‌స్టన్ రోడ్ అనేవారు, తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. మార్పు ఉన్న ప్రయాణాన్ని లెక్కించేటప్పుడు ప్రతి మార్పుకీ కనీసం పదిహేను నిమిషాలు కలుపుకోవాలి.

కొన్ని ఆఫీసు ప్రాంతాలు మాత్రం రెండు లైన్లకీ అందుతాయి. బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌కి వెస్టర్న్ వాళ్లు బాంద్రాలో, సెంట్రల్, హార్బర్ వాళ్లు కుర్లాలో దిగి షేర్ ఆటోలోనో బస్సులోనో చేరతారు. భూగర్భ మెట్రో కూడా అక్కడ ఆగుతుంది. అంధేరీ తూర్పు ఆఫీసులకి సెంట్రల్ వాళ్లు ఘాట్‌కోపర్‌లో దిగి, 2014లో మొదలైన మెట్రో పట్టుకుంటారు. ఐరోలీ, మహాపే ఐటీ పార్కులకైతే కల్యాణ్, డోంబివలీ వాళ్లు థానేలో ట్రాన్స్‌హార్బర్‌కి మారతారు. ఇలాంటి ఆఫీసు దొరికినవాళ్లకి ఇంటి ఎంపిక విస్తరిస్తుంది. సీఎస్‌ఎంటీ దాకా వెళ్లే గుంపుతో మొత్తం దారి పోటీ పడాల్సిన పని కూడా ఉండదు.

బండి ఎక్కడ బయల్దేరుతుంది?

రైలు మీద ఆధారపడేవాళ్లకి ఊళ్లు రెండు రకాలు. లోకల్ బయల్దేరే ఊళ్లు, మధ్యలో తగిలే ఊళ్లు. బ్రోకర్లు ఈ తేడా చెప్పరు. స్టేషన్‌కి ఎన్ని నిమిషాలో చెప్తారు.

వెస్టర్న్‌లో బోరివలీ, భాయందర్, విరార్. సెంట్రల్‌లో థానే, డోంబివలీ, కల్యాణ్, అంబర్‌నాథ్, బద్లాపూర్, టిట్వాలా, ఆసన్‌గావ్. హార్బర్‌లో వాశీ, బేలాపూర్, పన్వేల్. వీటిలో కొన్ని బండ్లు ఖాళీగా మొదలవుతాయి. బండి ప్లాట్‌ఫాంకి వచ్చే వేళకి పది నిమిషాల ముందు చేరితే సీటు దొరికే ఆశ ఉంటుంది. అదే నాలాసోపారా, వసాయి, మీరా రోడ్, దివా, ముంబ్రా లాంటి చోట్ల వచ్చే బండి అప్పటికే నిండి ఉంటుంది. డోంబివలీ రెండు విధాలా ఉంటుంది. అక్కడ మొదలయ్యే లోకళ్లు కొన్ని ఉన్నాయి. అవి తప్పిపోతే కర్జత్, కసారా, కల్యాణ్ నుంచి నిండి వచ్చే ఫాస్ట్ (కొన్ని స్టేషన్లలోనే ఆగే) బండ్లే దిక్కు.

ఈ తేడా వల్లే ఒక వింత లెక్క పుడుతుంది. బద్లాపూర్‌లో మొదలయ్యే లోకల్లో కూర్చుని గంటన్నర ప్రయాణం చేసినవాళ్లు ఆఫీసుకి మనుషుల్లా చేరతారు. డోంబివలీలో కసారా ఫాస్ట్ తలుపు పట్టుకుని గంట వేలాడినవాళ్లు దిగేసరికి చతికిలపడతారు. దూరం ఇరవై కిలోమీటర్లు తక్కువైనా రెండోదే కష్టం. రోజూ చేసే ప్రయాణంలో నిమిషాల సంఖ్య కన్నా ఆ నిమిషాలు ఎలా గడుస్తాయన్నదే ముఖ్యం.

తలుపు దగ్గర వేలాడటం ముంబయిలో మామూలేనని కొత్తవాళ్లకి ధైర్యం చెప్పేవాళ్లుంటారు. ఆ మాట నమ్మకూడదు. 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర వంపులో, ఎదురెదురుగా వెళ్తున్న లోకళ్ల ఫుట్‌బోర్డుల మీద నిలబడ్డవాళ్లు పట్టాల మీద పడ్డారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లంతా పొద్దున్నే పనికి బయల్దేరినవాళ్లు. లోపలికి వెళ్లే చోటు లేని బండిని వదిలేయగలిగేంత వ్యవధి దినచర్యలో ఉండాలి. ఆ వ్యవధి ఇవ్వని స్టేషన్ ఎంత చౌకైనా పనికిరాదు.

మధ్య స్టేషన్ల జనం దీనికి కనిపెట్టిన ఉపాయం రిటర్న్. నాలాసోపారాలో ఉండేవాళ్లు ముందు విరార్ వైపు వెళ్లే బండి ఎక్కి, సీటు పట్టి, అదే బండిలో చర్చ్‌గేట్ వైపు తిరిగొస్తారు. డోంబివలీ వాళ్లు కల్యాణ్ దాకా వెళ్లి తిరుగుతారు. దీనికి పాస్ కూడా విరార్ నుంచో కల్యాణ్ నుంచో ఉండాలి. నాలాసోపారా పాస్‌తో విరార్‌లో దొరికితే టికెట్ లేనట్టే లెక్క. ఛార్జీతో పాటు కనీసం 250 రూపాయలు జరిమానా పడుతుంది. రెండు పాస్‌ల ధరలో తేడా స్వల్పమే కాబట్టి మొదటి రోజే దూరపు స్టేషన్ నుంచి తీసుకోవడం తెలివైన పని. ప్రయాణానికి మాత్రం పదిహేను, ఇరవై నిమిషాలు అదనంగా కలుస్తాయి. ఇల్లు ఎంచుకునేటప్పుడు ఆ సమయాన్నీ లెక్కలో రాయాలి.

సాయంత్రం లెక్క వేరు. చర్చ్‌గేట్, సీఎస్‌ఎంటీ దగ్గర ఆఫీసున్నవాళ్లకి బండి అక్కడే మొదలవుతుంది. దాదర్, కుర్లా, ఘాట్‌కోపర్, అంధేరీలలో ఎక్కేవాళ్లకి అది నిండి వస్తుంది. 2019లో పరేల్‌ను టెర్మినస్‌గా మార్చి అక్కణ్నుంచి కల్యాణ్ వైపు లోకళ్లు వేశారు. దాదర్‌లోనూ కొన్ని మొదలవుతాయి. లోయర్ పరేల్, ప్రభాదేవి ప్రాంతాల్లో పనిచేస్తూ సెంట్రల్ వైపు ఇల్లు వెతికేవాళ్లు ఈ బండ్ల వేళలు తెలుసుకుంటే సాయంత్రాలు తేలికవుతాయి. విరార్ ఫాస్ట్‌లో బోరివలీ వాళ్లు ఎక్కితే లోపల మాటామాటా పెరగడం మామూలు, ఎందుకంటే అరవై కిలోమీటర్లు వెళ్లేవాళ్లకి ఆ బండి తప్ప గతి లేదు. బోరివలీకి బోరివలీ బండే పట్టుకోవాలి.

ఫాస్ట్, స్లో

సీఎస్‌ఎంటీ నుంచి కల్యాణ్‌కి ఫాస్ట్ బండి గంటా అయిదు, పది నిమిషాల్లో, స్లో బండి గంటన్నరలో చేరతాయి. చర్చ్‌గేట్ నుంచి విరార్‌కి ఫాస్ట్‌లో గంటా ఇరవై నిమిషాల చుట్టూ పడుతుంది. హార్బర్ లైనులో ఫాస్ట్ అనేదే లేదు. పన్వేల్ నుంచి సీఎస్‌ఎంటీకి ప్రతి స్టేషన్‌లో ఆగుతూ సుమారు గంటా ఇరవై నిమిషాలు. పన్వేల్‌కి 49 కిలోమీటర్లే కదా అని తక్కువ సమయం ఊహించుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

కొన్ని స్టేషన్లలో ఫాస్ట్ ఆగదు. డోంబివలీకి అటూఇటూ ఉన్న కోపర్, ఠాకుర్లీలలో స్లో బండ్లే ఆగుతాయి. ఫాస్ట్ అన్న పేరున్న బండి కూడా కల్యాణ్ దాటాక కర్జత్, కసారా వైపు అన్నిచోట్లా ఆగుతుంది. వెస్టర్న్‌లో విరార్ ఫాస్ట్‌లు బోరివలీ తర్వాత మామూలుగా ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతాయి. సెంట్రల్ ప్లాట్‌ఫాంల మీద బండి వివరాలు చూపే ఇండికేటర్ చదవడంలోనూ ఒక చిక్కుంది. గమ్యం చూపే చోట ‘ఎస్’ అంటే కర్జత్, ‘ఎన్’ అంటే కసారా. బండి రకం చూపే చోట అదే ‘ఎస్’ అంటే స్లో. మొదటి వారం దీంతో తికమకపడి టిట్వాలా వెళ్లాల్సినవాళ్లు కర్జత్ బండిలో కూర్చోవడం జరుగుతుంటుంది.

కల్యాణ్ దాటిన తర్వాత అసలు ఇబ్బంది పట్టాలది. కసారా వైపూ, బద్లాపూర్ వైపూ లోకళ్లు, మెయిల్ ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు అన్నీ ఏళ్ల తరబడి రెండే పట్టాల మీద నడుస్తూ వచ్చాయి. విరార్–దహాను మధ్యా అంతే. ఎక్స్‌ప్రెస్ ఆలస్యమైతే దానికి దారి ఇవ్వడానికి లోకల్ నిలబడుతుంది. అదనపు లైన్ల పనులు నడుస్తున్నాయి, పన్వేల్–కర్జత్ కొత్త లోకల్ మార్గం పనులూ సాగుతూ వచ్చాయి. బిల్డర్ల ప్రకటనల్లో ఇవన్నీ రేపో మాపో అన్నట్టు ఉంటాయి. ఏ లైనైనా టైంటేబుల్‌లో బండి నంబరుతో కనిపించేదాకా దాన్ని సున్నా కిందే రాసుకోవాలి. ఆసన్‌గావ్, వాంగణీ, నేరల్ లాంటి చోట్ల అద్దెలు బాగా దిగుతాయి. ఒక్క బండి తప్పితే మధ్యాహ్నం పూట అరగంట దాటి ఆగాల్సి రావచ్చు. దూరపు ఊళ్లకి ఆఖరి బండ్లు అర్ధరాత్రి దాటిన కొద్ది నిమిషాలకే సీఎస్‌ఎంటీ వదిలేస్తాయి. రాత్రి షిఫ్టు ఉన్నవాళ్లు కల్యాణ్ దాటి ఇల్లు చూడకపోవడమే నయం.

పేరుకి స్టేషన్, బండికి కరువు

బిల్డర్ల ప్రకటనల్లో పెద్ద ఉచ్చు ఇంకొకటుంది: ఇంటి పక్కనే స్టేషన్ అనడం. దివా–పన్వేల్ లైను మీద నీలజే, తలోజా పంచనంద్ స్టేషన్లున్నాయి. దివా–వసాయి లైను మీద భివండీ రోడ్ ఉంది. ఇవి లోకల్ లైన్లు కావు. రోజుకి లెక్కపెట్టదగినన్ని మెము (తక్కువ దూరం తిరిగే ప్యాసింజర్) బండ్లు మాత్రమే నడుస్తాయి. నీలజే పక్కన పెద్ద టౌన్‌షిప్పులో ఫ్లాటు తీసుకున్నవాళ్లు చివరికి బస్సులోనో ఆటోలోనో డోంబివలీ స్టేషన్‌కి వెళ్లి లోకల్ పడతారు, ఆ కల్యాణ్–శీల్ రోడ్డు మీద ట్రాఫిక్ ముప్పావు గంట తీసుకోగలదు. భివండీలో కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి మగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఊరి నుంచి ముంబయికి రోజూ రైల్లో వెళ్లాలంటే కల్యాణ్‌కో థానేకో రోడ్డు మీద చేరడం తప్పదు. ఉల్వే వైపు వెళ్లే ఉరణ్ లైను 2024 జనవరిలో పూర్తిగా తెరుచుకుంది. అక్కడ స్టేషన్లు కొత్తగా, విశాలంగా ఉన్నాయి గానీ బండ్ల మధ్య ఎడం ఎక్కువ. తలోజా వాళ్లకి 2023 నవంబరులో మొదలైన బేలాపూర్–పెంధర్ మెట్రో కొంత ఆసరా అయింది. బేలాపూర్‌లో లోకల్ మొదలవుతుంది కాబట్టి ఆ కలయిక పనికొచ్చేదే.

తెలుగు రాష్ట్రాలకి తరచూ రాకపోకలుండే కుటుంబాలకి కల్యాణ్‌లో ఒక సౌకర్యం ఉంది. దేవగిరి, హుసేన్‌సాగర్, కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగుతాయి. సామాన్లతో, ముసలివాళ్లతో విరార్ నుంచి దాదర్ దాకా లోకల్లో వచ్చి బండి మారడం ఎంత యాతనో చేసినవాళ్లకే తెలుసు. ఇది చిన్న విషయంలా కనిపించినా ఏడాదికి నాలుగైదుసార్లు ఊరెళ్లే ఇంటికి చిన్నది కాదు.

డబ్బు లెక్క

పాస్ ధర చూసి ఊరు ఎంచుకోవాల్సిన అవసరం లేదు. రెండో తరగతి నెల పాస్ దూరపు స్టేషన్లకైనా కొన్ని వందల రూపాయల్లోనే ఉంటుంది. మూడు నెలల పాస్ నెల పాస్‌కి 2.7 రెట్లు, ఆరు నెలలది 5.4 రెట్లు, ఏడాదిది 10.8 రెట్లు. ఇల్లు నిలకడగా ఉంటుందని తేలేదాకా నెల పాస్, తర్వాత మూడు నెలలది తీసుకుంటే సరిపోతుంది. మొదటి తరగతి పాస్ చాలా ఎక్కువ. ఆ పెట్టెల్లో రద్దీ వేళ నిలబడే చోటు కాస్త నయమే గానీ సీటుకి హామీ లేదు. ఏసీ లోకళ్లు 2017 డిసెంబరు 25న వెస్టర్న్‌లో మొదలయ్యాయి, 2022లో వాటి టికెట్ ధర సగానికి తగ్గింది. తలుపులు మూసుకుంటాయి కాబట్టి ప్రాణభయం లేదు. అయితే బండ్లు తక్కువ, కాబట్టి కావలసిన వేళకి వచ్చే ఒక్క ఏసీ బండిని నమ్ముకుని ఊరు ఎంచుకోకూడదు.

అసలు ఖర్చు స్టేషన్‌కి రెండు వైపులా ఉంటుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. దగ్గరి ఊళ్లో అద్దె 22,000, దూరపు ఊళ్లో 12,000. తేడా పది వేలు. దూరపు ఊరు ఎంచుకుంటే ఒక్కో వైపు 50 నిమిషాలు ఎక్కువ, నెలకి 24 పనిరోజులు. అంటే నెలకి 40 గంటలు. దూరపు ఇంటి నుంచి స్టేషన్‌కి షేర్ ఆటో ఒక్కో వైపు 20 రూపాయలైతే నెలకి 960. మిగిలేది 9,040, గంటకి 226 రూపాయలు. ఇద్దరు ఉద్యోగానికి వెళ్లే ఇల్లయితే గంటలు 80, ఆటో ఖర్చు రెట్టింపు. గంటకి మిగిలేది సుమారు 101 రూపాయలే. ఒక్కరు ప్రయాణం చేసే కుటుంబానికి లాభమైన ఊరు ఇద్దరు ప్రయాణం చేసేవాళ్లకి నష్టమయ్యేది ఇందుకే. భార్యాభర్తల ఆఫీసులు వేర్వేరు లైన్ల మీద ఉంటే, రాత్రి ఎవరు ఆలస్యంగా తిరిగొస్తారో వాళ్ల లైను మీద ఇల్లు తీసుకోవడం మేలు.

షేర్ ఆటో ఛార్జీ ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. రాత్రి పదకొండింటికి ఆ స్టాండులో ఆటో ఉంటుందా, క్యూ ఎంత, ఇల్లు స్టేషన్‌కి తూర్పు వైపా పడమర వైపా అన్నవి తెలుసుకోవాలి. నీళ్లు రోజుకి ఎన్ని గంటలొస్తాయో, ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్సులో ఉందో విడిగా వసూలు చేస్తారో కూడా. వసాయి–విరార్ వైపు ఈ ప్రశ్న తప్పనిసరి.

వానాకాలం, కాగితాలు

జూన్ నుంచి సెప్టెంబరు వరకు లోకల్ దారిలో బలహీనమైన చోట్లు బయటపడతాయి. కుర్లా, సయన్ మధ్య పట్టాలు మునిగితే సెంట్రల్ లైను ఆగుతుంది. 2018 జులైలో వసాయి–నాలాసోపారా మధ్య నీళ్లు చేరి విరార్ వైపు బండ్లు నిలిచిపోయాయి. 2019 జులై 27న బద్లాపూర్–వాంగణీ మధ్య ఉల్హాస్ నది పొంగి మహాలక్ష్మి ఎక్స్‌ప్రెస్ నీళ్లలో చిక్కుకుంది, వెయ్యి మందికి పైగా ప్రయాణికుల్ని బయటికి తెచ్చారు. బద్లాపూర్‌లో నదికి దగ్గరగానూ, నాలాసోపారా తూర్పు పల్లపు వీధుల్లోనూ కింది అంతస్తు ఇల్లు తీసుకోవద్దు. ఎదురింటి గోడ మీద నీటి మరక ఎంత ఎత్తులో ఉందో చూడండి, పక్క బిల్డింగు వాచ్‌మన్‌ని అడగండి. బ్రోకర్ కన్నా అతనే నిజం చెప్తాడు.

ఈ ఊళ్లలో చౌకకి ఒక్కోసారి కారణం అనుమతి లేని కట్టడం. డోంబివలీ ప్రాంతంలో 65 భవనాలు నకిలీ అనుమతి పత్రాలతో స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు తెచ్చుకున్నాయి, వాటిని కూల్చాలని బొంబాయి హైకోర్టు 2024 నవంబరులో ఆదేశించింది. నాలాసోపారా తూర్పులో ప్రజావసరాలకు కేటాయించిన స్థలంలో కట్టిన 41 భవనాల్ని 2024 చివర్లో, 2025 మొదట్లో పడగొట్టారు. 2025 ఆగస్టులో విరార్‌లో అనుమతి లేని భవనం ఒకటి కూలి 17 మంది చనిపోయారు. రెరా నంబరు ఒక్కటే చూసి కొనకూడదు. నిర్మాణ అనుమతి పత్రాన్నీ, భవనంలో నివసించవచ్చని ఇచ్చే ఆక్యుపేషన్ సర్టిఫికెట్‌నీ తీసుకుని మునిసిపల్ కార్పొరేషన్ నగర ప్రణాళిక విభాగంలో నంబరు సరిపోతుందో లేదో అడగాలి. మన పహాణీ, అడంగల్ లాంటి సాత్‌బారా పత్రంలో భూమి ఎవరి పేరున ఉందో చూడాలి. ఆస్తి పన్ను రసీదు, కరెంటు మీటరు కట్టడానికి అనుమతి ఉన్నట్టు రుజువు కావు. అద్దెకుండేవాళ్లూ ఇవి అడగాలి, ఎందుకంటే కూల్చివేత నోటీసు వస్తే డిపాజిట్ వెనక్కి రావడం కష్టం.

ఇల్లు చూసే రోజు

బ్రోకర్లు ఆదివారం రమ్మంటారు. ఆదివారం రైళ్లలో జనం తక్కువ, పైగా పగటిపూట మెగాబ్లాక్ పేరుతో కొన్ని భాగాల్లో బండ్లు ఆపి పట్టాల పనులు చేస్తారు. ఆ రోజు చూసిన ప్రయాణం సోమవారం ప్రయాణానికి ఏ విధంగానూ పోలదు. ఇల్లు నచ్చాక డబ్బు ఇవ్వకముందు రెండు పనిరోజులు, అందులో ఒకటి సోమవారం, పొద్దున 7:45 నుంచి 9:15 వరకు ఆ ప్లాట్‌ఫాం మీద నిలబడి వచ్చిన ప్రతి బండి వేళా, దాంట్లో లోపలికి వెళ్లే చోటుందా లేదా రాసుకోవాలి. మహిళలైతే లేడీస్ పెట్టె ఆగే చోట నిలబడి విడిగా చూడాలి, జనరల్ పెట్టె పరిస్థితి దానికి సూచన కాదు. ఆఫీసుకి వేళకి చేర్చే బండ్లు గంటలో కనీసం మూడు, ఎక్కడానికి వీలుగా ఉంటే ఆ స్టేషన్ పనికొస్తుంది. ఒక్కటే ఉంటే అది తప్పిన రోజు సెలవు పెట్టాల్సి వస్తుంది. సాయంత్రం ఆఫీసు దగ్గరి స్టేషన్ నుంచి ఇదే పరీక్ష మళ్లీ చేయాలి.

మహారాష్ట్రలో అద్దె ఒప్పందం సాధారణంగా 11 నెలల లీవ్ అండ్ లైసెన్సు. దాన్ని రిజిస్టరు చేయించడం చట్టప్రకారం యజమాని బాధ్యత. స్టాంపు కాగితం మీద సంతకాలతో సరిపెట్టడానికి ఒప్పుకోకూడదు. వీలైతే మే నెలలో మొదలయ్యేలా చూసుకుంటే మొదటి వానాకాలం అందులోనే గడిచిపోతుంది. ఊరు, బండి, వీధి, నీళ్లు అన్నీ నాలుగు నెలల్లో తెలిసిపోతాయి. ఖాళీ చేయడానికి వీల్లేని లాకిన్ గడువు ఆరు నెలలకి మించకుండా, నోటీసు ఒక నెలకి మించకుండా ఒప్పందంలో రాయించుకోవాలి. సెప్టెంబరు చివరికి ఆ ఊరు సరిపడదని తేలితే నవంబరులో డిపాజిట్ నష్టపోకుండా ఇల్లు మారవచ్చు.